లేని పొర చెప్పే సాక్ష్యం

1972–73 దక్షిణార్ధగోళపు వేసవిలో గ్లోమార్ చాలెంజర్ అనే ఓడ అంటార్కిటికా పక్కన రాస్ సముద్రంలో నిలబడి అడుగు నేలను తొలిచింది. పటంలో 270 అని నంబరు వేసిన చోట నీటి లోతు 634 మీటర్లు. దాని కింద మరో నాలుగు వందల మీటర్ల చిల్లర దిగాక డ్రిల్లు గట్టి రాతిని తాకింది. మన ఊళ్లలో బోరు వేసేటప్పుడు పైమన్ను, మొరం, ఆ తర్వాత రాయి వరసగా బయటికి వచ్చినట్టే అక్కడా ఒక వరస వచ్చింది. అట్టడుగు రాతి మీద ఉన్నది సముద్రపు బురద కాదు. ఎండకూ వానకూ చితికిన రాతిముక్కలు, అంటే ఒకప్పుడు ఆకాశం కింద ఉన్న నేల. దాని మీద లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న ఇసుక, వయసు సుమారు 2.6 కోట్ల సంవత్సరాలు. ఆ పైన వందల మీటర్ల మందాన, బురదలో గులకరాళ్లు గుచ్చినట్టున్న ముద్ద. అలాంటి కలగలుపును అంత మందంగా పరవగలిగేది మంచే. ఇప్పుడు సముద్రమట్టానికి కిలోమీటరుకు పైగా లోతున ఉన్న చోటు ఒకప్పుడు పొడి నేల అని, అది మునిగిందని, మునిగాక అక్కడికి మంచు వచ్చిందని ఆ ఒక్క బోరు తేల్చింది.

కాని బోరు ఒక బిందువు. రాస్ సముద్రం ఒక దేశమంత విస్తారం. ఆ వందల మీటర్ల ముద్ద ఏ వైపు ఎంత దూరం పరుచుకుంది, ఎక్కడ మందమైంది, ఎక్కడ తెగిపోయింది అన్నది బోరుకు తెలియదు. తెలియాలంటే ధ్వనితరంగాలను నేల లోపలికి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో పొరల పటం గీయాలి. దీన్నే సైస్మిక్ సర్వే అంటారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ వెతుకులాట జరిగిన ఊళ్లవారికి ఈ మాట కొత్త కాదు. పద్ధతి ఒకటే, వెతికే వస్తువు వేరు. చమురు కోసం వెళ్లినవారు ఉన్న పొరల్లో ఏముందని చూస్తారు. ధ్రువ సముద్రంలో మంచు చరిత్ర కోసం వెళ్లినవారికి అంతకంటే విలువైనది లేని పొర. ఏ పొర ఎక్కడ అర్ధాంతరంగా తెగింది, ఏ కాలపు మట్టి మొత్తంగా మాయమైంది అన్నదే అక్కడ అసలు సమాచారం. మంచు తన చరిత్రను తానే రాసి తానే తుడిచేస్తుంది. తుడిచిన చోటును జాగ్రత్తగా కొలిస్తే, ఆ తుడుపే సాక్ష్యంగా నిలుస్తుందన్నది నా వాదన. దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. వాటిని దాటవేస్తే వాదన నిలవదు కాబట్టి ముందు ఈ పటం ఎలా తయారవుతుందో చూడాలి.

ఓడ వెనక నీటిలో ఎయిర్‌గన్లు వేలాడుతుంటాయి. వాటిలో బిగించిన గాలిని కొన్ని సెకన్లకొకసారి ఒక్కసారిగా వదులుతారు. ఆ చప్పుడు నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో కిందికి దిగి, సముద్రపు అడుగును తాకి, కొంత వెనక్కి మళ్లి, కొంత లోపలికి చొచ్చుకుపోతుంది. లోపల ఒక పొర ముగిసి, సాంద్రతలోనో ధ్వనివేగంలోనో తేడా ఉన్న మరో పొర మొదలైన చోటల్లా మళ్లీ కొంత శబ్దం వెనక్కి వస్తుంది. ఓడ లాక్కెళ్లే పొడవాటి కేబుల్‌లో అమర్చిన హైడ్రోఫోన్లు ఆ ప్రతిధ్వనులను పట్టుకుంటాయి. ఓడ ముందుకు సాగేకొద్దీ వాటిని పక్కపక్కన పేరిస్తే నేలను నిలువునా కోసి చూపినట్టు ఒక చిత్రం వస్తుంది. అయితే అది నేరుగా తీసిన ఫొటో కాదు. నిలువు కొలత మీటర్లలో ఉండదు, శబ్దం వెళ్లి తిరిగిరావడానికి పట్టిన సెకన్లలో ఉంటుంది. సెకన్లను మీటర్లుగా మార్చాలంటే ఆ మట్టిలో శబ్దం ఎంత వేగంగా వెళుతుందో తెలియాలి. రానూపోనూ ఒక సెకను పట్టిన పొర, వేగం 1,800 మీటర్లయితే అడుగునుంచి 900 మీటర్ల లోతున ఉన్నట్టు. వేగం 2,200 అయితే 1,100 మీటర్ల లోతున ఉన్నట్టు. ఒకే గీత, రెండు వందల మీటర్ల తేడా.

మామూలు సముద్రాల్లో పొడవాటి కేబుల్ లాగి, ఒకే చోటినుంచి రకరకాల దూరాల్లో వచ్చిన ప్రతిధ్వనులను పోల్చి ఆ వేగాన్ని రాబడతారు. ధ్రువ సముద్రంలో ఆ వెసులుబాటు తక్కువ. తేలే మంచుగడ్డల మధ్య కిలోమీటర్ల కేబుల్ లాగితే తెగిపోతుంది. కాబట్టి చాలాసార్లు పొట్టి కేబుల్‌తోనే సరిపెట్టుకుంటారు. పని చేయగల రోజులు ఏడాదిలో రెండు మూడు నెలలు. ఓడ అనుకున్న దారిన కాక మంచు వదిలిన దారిన నడుస్తుంది. ఇంకో చిక్కు, మంచు ఒకప్పుడు తొక్కి బిగించిన అడుగు నేల కాంక్రీటులా గట్టిపడి శబ్దాన్ని బలంగా వెనక్కి కొడుతుంది. అది నీటి ఉపరితలాన్ని తాకి మళ్లీ కిందికి వెళ్లి రెండోసారి తిరిగొస్తుంది. 500 మీటర్ల నీటిలో మొదటి ప్రతిధ్వని 0.67 సెకన్లకు వస్తే, ఈ నకలు 1.33 సెకన్లకు వచ్చి, అడుగు కింద ఆరేడు వందల మీటర్ల లోతున ఉన్న నిజమైన పొరల మీద ముసుగులా పడుతుంది. ఆ ముసుగు తీయడానికి కంప్యూటర్ల ముందు నెలల తరబడి పని చేయాలి. వీటన్నిటినీ ఎందుకు చెబుతున్నానంటే, ఈ పటం మీద కట్టే ఏ వాదనైనా దాని లోపాలు తెలిసి కట్టాలి.

కాకినాడ తీరంనుంచి పడవలో సముద్రం లోపలికి వెళితే నీటి లోతు క్రమంగా పెరుగుతుంది. ఖండం అంచును ఆనుకున్న ఆ మునిగిన అరుగు, అంటే కాంటినెంటల్ షెల్ఫ్, బయటికి వాలుగా ఉంటుంది. గోదావరి తెచ్చిన మట్టి అక్కడ బరువును బట్టి వేరుపడుతుంది. ఇసుక దగ్గర, సన్నని ఒండ్రు దూరంగా. అంటార్కిటికా అరుగు ఇందుకు పూర్తిగా తలకిందులు. సగటు లోతే దాదాపు 500 మీటర్లు, పైగా బయటికి కాక ఖండం వైపుకు వాలి ఉంటుంది. నేల దగ్గర లోతు ఎక్కువ, బయటి అంచు దగ్గర తక్కువ. ఖండం మీది మంచు బరువుకు నేల కుంగడం ఇందుకు ఒక కారణం. లక్షల ఏళ్లపాటు మంచు లోపలి భాగాన్ని గీరి, ఆ మట్టిని అంచుకు తోసి పేర్చడం రెండోది. రాస్ సముద్రపు అడుగున ఈ గీరుడు వెడల్పాటి కాలువల్లా కనబడుతుంది. డ్రిగాల్‌స్కి, జాయిడెస్, పెనెల్, గ్లోమార్ చాలెంజర్ అని వాటికి పేర్లున్నాయి. వాటి అడుగున కిలోమీటర్ల పొడవున సమాంతరంగా సాగే గాళ్లున్నాయి, నాగలి చాళ్లలా. అక్కడక్కడ అడ్డంగా మట్టి దిబ్బలు. సుమారు 20 వేల ఏళ్ల కిందట నేలను ఆనుకుని అరుగు అంచు దగ్గరిదాకా వచ్చిన మంచు, వెనక్కి తగ్గుతూ ఆగిన చోటల్లా వదిలిన గుర్తులివి.

ఇది పైన కనిపించే అడుగు. దాని కింద పాతిపెట్టి ఉన్న అడుగులు ఎన్నో ఉన్నాయి, సైస్మిక్ పటం చూపేది వాటిని. రాస్ సముద్రం కింద ఉత్తర దక్షిణాలుగా పొడవాటి పల్లాలున్నాయి. పడమటి అంచున ఉన్న విక్టోరియా ల్యాండ్ బేసిన్‌లో మేట మందం కొన్ని చోట్ల పది కిలోమీటర్లు దాటుతుంది. ఆ మేటలో సన్నగా ఏటవాలుగా దిగే పొరలు హఠాత్తుగా తెగి, వాటి కొసలన్నీ ఒకే గీత దగ్గర ఆగిపోతాయి. ఆ గీత మీద వేరే పొరలు వేరే వాలులో మొదలవుతాయి. దీన్ని ఇక్కడ కోత గీత అందాం. 1980లలో జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, అమెరికా, ఇటలీ, సోవియట్ ఓడలు వేరువేరుగా తిరిగి సేకరించిన రేఖలను అంటోస్ట్రాట్ అనే ఉమ్మడి ప్రయత్నంలో ఒకచోట చేర్చి, 1995లో అట్లాసుగా అచ్చేశారు. అందులో రాస్ సముద్రమంతటా గుర్తించిన ప్రధాన కోత గీతలకు ఆర్ఎస్‌యూ-1 నుంచి ఆర్ఎస్‌యూ-6 దాకా పేర్లు పెట్టారు. అన్నిటికంటే పాతది, లోతైనది ఆరోది. ముప్పై ఏళ్లుగా ఆ సముద్రం గురించి ఎవరు ఏం రాసినా ఈ గీతలే ఆధారం.

మొదటి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. పొర లేకపోతే మంచే కోసిందని ఎలా అంటారు? సముద్రమట్టం తగ్గినా తీరపు మట్టి కొట్టుకుపోతుంది. అడుగు ప్రవాహాలు బలంగా ఉన్నా మట్టి నిలవదు. భూమి లోపలి కదలికలతో నేల పైకి లేచినా పొర అరుగుతుంది. అసలు ఆ కాలంలో మట్టే రాకపోయి ఉండొచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. ఒక కోత గీతను ఒంటరిగా చూపి ఇది మంచు పని అంటే ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. తేల్చేది గీత ఆకారం, దాని సహవాసం. సముద్రమట్టం తగ్గుదల వంద మీటర్ల చిల్లర వరకు పని చేస్తుంది గాని, వందల మీటర్ల లోతున ఖండం వైపుకు వాలిన వెడల్పు కాలువను తవ్వలేదు. అడుగు ప్రవాహాలు అరుగు అంచు పొడవునా సాగుతాయి, మంచు కాలువలు అరుగును అడ్డంగా దాటుతాయి. భూమి కదలికైతే బీటలుంటాయి, పొరలు జరిగిన గుర్తులుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, కోసిన మట్టి ఎక్కడో తేలాలి. కాలువ నోటి దగ్గర అరుగు అంచుకు ఆవల, గంపతో కుమ్మరించినట్టు ముందుకు పేరుకున్న ఏటవాలు మేట కనబడితే, కోత గీతను దానిదాకా వేలితో గీసుకుంటూ వెళ్లగలిగితే, కోసినవాడూ మోసినవాడూ ఒకడేనని చెప్పవచ్చు. పై గీతల విషయంలో ఈ ఆనవాళ్లన్నీ కలుస్తాయి. లోతైన పాత గీతల దగ్గర అలా కలవవు. అక్కడ నేల సాగి కుంగడమూ మంచూ కలిసి పనిచేశాయి. వాటిని విడదీయడం ఇంకా వాదనలోనే ఉంది, అలా ఉండడమే సరైనది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. గీత తేదీ కాదు. కోత గీత మీద వేలు పెట్టి ఇది ఫలానా సంవత్సరం అనలేం. దాని కింద మిగిలిన పొరలో అన్నిటికంటే చిన్నది, దాని పైన మొదలైన పొరలో అన్నిటికంటే పెద్దది, ఈ రెంటి మధ్య ఎప్పుడో కోత జరిగిందని మాత్రమే అనగలం. ఆ మధ్య కాలం లక్షల ఏళ్లు ఉండొచ్చు. పైగా మంచు పదిసార్లు వచ్చి పదిసార్లు గీరితే, చివరి గీరుడు ముందరి వాటి ఆనవాళ్లనూ తీసుకుపోతుంది. పలక మీద రాసి తుడిచి, మళ్లీ రాసి మళ్లీ తుడిస్తే, ఎన్నిసార్లు తుడిచారో పలక చెప్పదు. కాబట్టి కోత గీతలను లెక్కపెట్టి మంచు ఇన్నిసార్లు వచ్చిందనడం తప్పు. ఆ లెక్క ఎప్పుడూ కనీసం ఇన్నిసార్లు అనే అర్థంలోనే చెల్లుతుంది. దీనికి తోడు చూపు పరిమితి ఉంది. 50 హెర్ట్‌జ్ శబ్దం సెకనుకు 2,000 మీటర్ల వేగంతో పోతే తరంగం పొడవు 40 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే పది మీటర్ల కంటే పలచని పొరలు విడివిడిగా కనబడవు. పది మీటర్ల మేటలో ఒక మంచు రాక, ఒక పోక రెండూ దాగిపోగలవు.

ఇవన్నీ ఒప్పుకుంటూనే చెప్పాల్సిందేమిటంటే, ఈ పరిమితులు పటాన్ని పనికిరానిదిగా చేయవు. డ్రిల్లు ఎక్కడ దించాలో చెబుతాయి. పలక మీద తుడిచేసిన రాత పక్క గోడ మీద మిగిలి ఉండొచ్చు. నేల నిరంతరం కుంగుతున్న చోట మట్టి, మంచుకు అందనంత లోతుకు త్వరగా దిగి పాతుకుపోతుంది, అందుకే అక్కడ తుడుపు తక్కువ. విక్టోరియా ల్యాండ్ బేసిన్ అలాంటి చోటని సైస్మిక్ పటమే చూపింది. 1997 నుంచి 1999 వరకు సముద్రపు మంచు మీద రిగ్గు నిలబెట్టి కేప్ రాబర్ట్స్ దగ్గర మూడు చోట్ల తొలిచారు. మూడోది అడుగు కింద 939 మీటర్లు దిగింది. 2006–07 వేసవిలో ఆండ్రిల్ బృందం మెక్‌మర్డో తేలే మంచు పలకకు రంధ్రం చేసి, కింది నీటిని దాటి, అడుగు నేలలో 1,285 మీటర్లు తొలిచింది. ఆ మట్టి కడ్డీలో మంచు తొక్కిన రాళ్ల ముద్ద, దాని మీద డయాటమ్‌ల బూడిదలాంటి మట్టి, మళ్లీ రాళ్ల ముద్ద, ఇలా పొరలు మార్చి మార్చి వచ్చాయి. డయాటమ్‌లు వెలుతురు పడే తెరిపి నీటిలో బతికే సూక్ష్మజీవులు. అవి మందంగా పేరుకున్నాయంటే పైన మంచు కప్పు లేదన్నమాటే. 2009లో ప్రచురించిన విశ్లేషణలో, ప్లయోసీన్ యుగంలో, అంటే 50 లక్షలనుంచి 30 లక్షల ఏళ్ల మధ్య, ఈ రాకపోకలు సుమారు 40 వేల ఏళ్ల తాళంతో సాగాయని తేలింది. భూమి అక్షపు వంపు ఊగే తాళమది. సైస్మిక్ పటంలో ఒక్క మందపాటి పట్టీగా కనబడినదాంట్లో ఇంత సంగీతం ఉంది. ఆ పట్టీ ఎక్కడుందో పటం చెప్పకపోతే డ్రిల్లు అక్కడికి వెళ్లేది కాదు.

ఇంత కష్టపడి ముక్కలైన చరిత్రను అతికించడమెందుకు, లోతైన మహాసముద్రంలో మట్టి ఏ అంతరాయమూ లేకుండా పేరుకుంటోంది కదా, దాన్ని చదివితే చాలదా అని మూడో ప్రశ్న. అక్కడి సూక్ష్మజీవుల గుల్లల్లో ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి ప్రపంచంలోని మొత్తం మంచు ఎంతో సూచిస్తుంది. ఈ పద్ధతి విలువ చాలా గొప్పది, కాని దానిలో నీటి ఉష్ణోగ్రత ప్రభావమూ కలిసి ఉంటుంది. మంచు ఎంత అని చెబుతుంది గాని ఎక్కడ అని చెప్పదు. తూర్పు అంటార్కిటికా మంచు ఎక్కువ భాగం సముద్రమట్టానికి ఎగువనున్న నేల మీద కూర్చుంది. పడమటి అంటార్కిటికా మంచు సముద్రమట్టానికి దిగువనున్న నేల మీద కూర్చుంది. వెచ్చని నీరు తగిలితే రెండూ ఒకేలా ప్రవర్తించవు. 2018లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ మీద వెళ్లిన 374వ యాత్ర రాస్ సముద్రంలో ఐదు చోట్ల తొలిచింది. అందులో యు1521 అనే చోట తీసిన మట్టిలోని ఖనిజాల వయసును, రసాయన ముద్రను చూసి అవి ఏ పర్వతాలనుంచి వచ్చాయో గుర్తించారు. సుమారు 1.77 కోట్ల నుంచి 1.74 కోట్ల ఏళ్ల కిందటి మందపాటి పొర పడమటి అంటార్కిటికానుంచి వచ్చిందని, అంటే అప్పటికే పడమటి మంచు పలక పెద్దదై అరుగు మీదికి వచ్చిందని 2021లో ప్రకటించారు. అంతకుముందు చాలామంది ఊహించినదానికంటే ఇది ఎంతో ముందు. ఖనిజాల చిరునామా వెతికే ఈ పద్ధతి మనకూ దగ్గరిదే. తూర్పు అంటార్కిటికాలో మన భారతి పరిశోధన స్టేషన్ ఉన్న ప్రిడ్జ్ అఖాతం చుట్టుపక్కల రాళ్లకు మన తూర్పు కనుమల రాళ్లతో ఉన్న చుట్టరికాన్ని ఇలాంటి పోలికలే బయటపెట్టాయి. రెండు నేలలూ విడిపోయి సుమారు 13 కోట్ల ఏళ్లయింది.

పోయిన మట్టి ఎక్కడో తేలాలన్న మాటను ఇంకా దూరం తీసుకెళ్లవచ్చు. నా దృష్టిలో ఈ రంగం ఇచ్చిన అతి పెద్ద ఫలితం అక్కడే ఉంది. అంటార్కిటికా చుట్టూ అరుగు మీద, దాని ఆవలి లోతు నీటిలో గత 3.4 కోట్ల ఏళ్లలో పేరుకున్న మేట మొత్తం ఎంతో సైస్మిక్ పటాలతో లెక్కగట్టవచ్చు. అందులోంచి సూక్ష్మజీవుల గుల్లల వాటా తీసేసి, బరువుకు అణిగిన మందాన్ని సరిచేసి, మిగిలిన మట్టిని తిరిగి ఖండం మీదికి పరిస్తే అప్పటి నేల ఎంత ఎత్తున ఉండేదో వస్తుంది. ఈ లెక్క చేసిన బృందాలకు తేలిందేమిటంటే, ఈనాడు సముద్రమట్టానికి ఎంతో దిగువన ఉన్న పడమటి అంటార్కిటికాలో పెద్ద భాగం, మంచు మొదట పడిన కాలంలో నీటికి పైన ఉంది. రాస్ సముద్రంలో 270వ బోరు అడుగున దొరికిన పాత నేల ఈ లెక్కకు అక్కడి సాక్షి. నేల ఎత్తుగా ఉంటే మంచు నిలవడానికి చోటు ఎక్కువ. ఈనాటి పటం మీద మంచును పోసి చేసిన పాత లెక్కలు ఆ తొలి మంచును ఎందుకు తక్కువగా చూపాయో దీనితో అర్థమవుతుంది. ఈ లెక్కలో ఊహలు చాలా ఉన్నాయి. పటం లేని చోట్ల మందాన్ని అంచనా వేయాలి, ఏ మట్టి ఏ కాలంలో వచ్చిందో పంచాలి. అయినా, లేని పొరల మొత్తాన్ని ఒక ఖండం ఆకారంగా తిరిగి నిలబెట్టగలగడం చిన్న సంగతి కాదు.

మంచు భవిష్యత్తును లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలకు ఈ పాత ఆకారం అవసరం. నేల ఖండం వైపుకు వాలి ఉంటే, వెనక్కి తగ్గే మంచు అంచు అంతకంతకు లోతు నీటిలోకి జారుతుంది. లోతు పెరిగేకొద్దీ మందమైన మంచు అంచు తేలడం, విరగడం ఎక్కువై తగ్గుదల తనంత తానే వేగం పుంజుకోవచ్చని 1970లనుంచీ శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. అరుగు పూర్వం ఎత్తుగా, బయటికి వాలుగా ఉన్న రోజుల్లో అదే వెచ్చదనం అదే నష్టం కలిగించి ఉండదు. ఒకప్పుడు ఇంతకంటే వెచ్చగా ఉన్నా మంచు నిలబడింది, ఇప్పుడూ నిలబడుతుంది అనేవారికి జవాబు ఇదే. అప్పుడు నిలబడిన నేల ఇప్పుడు లేదు, ఆ మంచే దాన్ని గీరి సముద్రంలో పోసింది. నమూనాను గతంతో పరీక్షించాలంటే గతపు నేల మీదే పరీక్షించాలి. పడమటి అంటార్కిటికాలో ఇలా కుప్పకూలే ప్రమాదమున్న మంచు కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు 3.3 మీటర్లు పెరుగుతుందని ఒక పేరున్న అంచనా. ఒక రోజులో జరిగేది కాదు, శతాబ్దాల పని. అయితే పెరుగుదల అన్ని తీరాల్లో సమానంగా ఉండదు. అంత మంచు పోతే అంటార్కిటికా నీటిని తనవైపు లాక్కునే ఆకర్షణ తగ్గుతుంది, ఆ నీరు దూరంగా ఉన్న తీరాలకు చేరుతుంది. అక్కడి నష్టం సగటు కంటే ఎక్కువ. కోనసీమ, దివిసీమ లంకల్లో ఇప్పటికే ఆటుపోట్ల ఎత్తున పొలాలు దున్నుతున్నవారికి మీటరు అన్నది చిన్న అంకె కాదు.

ఈ పనిపై అనుమానం ఇంకో దిక్కునుంచీ ఉంది. ఇదంతా చమురు వేటకు ముసుగు కాదా? అనుమానానికి చరిత్ర ఉంది. 1973లో గ్లోమార్ చాలెంజర్ తీసిన రాస్ సముద్రపు మట్టిలో మీథేన్‌తోపాటు కొంచెం ఈథేన్ జాడ కనబడగానే ప్రపంచమంతా చమురు మాట గుప్పుమంది. 1980ల సర్వేల్లో కొన్నిటిని నడిపినవి చమురు వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థలే. దీనికి దేశాలు రెండు రకాలుగా జవాబిచ్చాయి. 1991లో సంతకమై 1998లో అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ ఒప్పందం, శాస్త్ర పరిశోధన తప్ప ఖనిజాలకు సంబంధించిన ఏ పనినీ అంటార్కిటికాలో చేయకూడదంది. 1991లోనే అంటార్కిటిక్ ఒప్పంద దేశాలు మరో నిర్ణయం తీసుకున్నాయి. అక్కడ సేకరించిన సైస్మిక్ రేఖలను నాలుగేళ్లలోగా ఒక ఉమ్మడి గ్రంథాలయానికి ఇవ్వాలి, ఎనిమిదేళ్లు దాటాక అవి అందరికీ తెరిచి ఉండాలి. ఆ గ్రంథాలయం ఇప్పుడు ఇటలీలోని ట్రియెస్టెనుంచి నడుస్తోంది. రహస్యంగా ఉంచుకోలేని పటం వ్యాపారానికి పనికిరాదు, శాస్త్రానికి మాత్రం అదే ప్రాణం. ఇది ఆదర్శం కోసం చెబుతున్న మాట కాదు. 1980ల రేఖలను కొత్త పద్ధతులతో మళ్లీ శుద్ధిచేసి, 2018లో డ్రిల్లు ఎక్కడ దించాలో నిర్ణయించిన పనిలో ఆ పాత టేపులకూ వాటా ఉంది.

ఈ చప్పుడు తిమింగలాలకు హాని కాదా అన్నది ఇంకో ప్రశ్న. దానికీ ఈ గ్రంథాలయంలోనే సగం జవాబుంది. ఎయిర్‌గన్ చప్పుడు నీటిలో చాలా దూరం పోతుంది, వినికిడి మీదే బతికే జంతువులకు అది బాధే. సర్వేకు ముందు పర్యావరణ అంచనా తయారుచేయడం, శబ్దాన్ని చిన్నగా మొదలుపెట్టి పెంచడం, జంతువు దగ్గరికి వస్తే ఆపేయడం ఇప్పుడు అలవాటులోకి వచ్చిన జాగ్రత్తలు. రాస్ సముద్రంలో 15.5 లక్షల చదరపు కిలోమీటర్లను 2017 డిసెంబరు 1నుంచి రక్షిత ప్రాంతంగా ప్రకటించాక ఈ బాధ్యత ఇంకా పెరిగింది. జాగ్రత్తలు బాధను తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయలేవు. అందుకే ఒకసారి గీసిన రేఖను పదేపదే కొత్త కళ్లతో చదవాలి, అదే దారిలో మళ్లీ చప్పుడు చేయకూడదు. ఒక దేశం దాచుకున్న ప్రతి రేఖకూ బదులు ఇంకో దేశం ఓడ వెళ్లి అదే నీటిని మళ్లీ మోగించాల్సి వస్తుంది.

పటంలో ఇంకా ఖాళీలున్నాయి. అన్నిటికంటే పెద్దది రాస్ సముద్రపు దక్షిణార్ధాన్ని కప్పేసిన తేలే మంచు పలక కింద ఉంది. దాని విస్తీర్ణం సుమారు 4.8 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. ఓడ అక్కడికి పోలేదు. మంచు మీద వాహనాల్లో వెళ్లి, రంధ్రాల్లో చిన్న పేలుళ్లు జరిపి, ఒక్కో రేఖనూ గీయాలి. గీసిన చోట్ల కూడా ఆర్ఎస్‌యూ-6 కింది లోతైన మేటలో చాలా భాగాన్ని ఇంతవరకూ ఏ డ్రిల్లూ తాకలేదు. ఆ పొరల వయసు దూరంలోని బోర్లనుంచి గీత పట్టుకుని లాక్కొచ్చిన అంచనా. 374వ యాత్ర ఓడ యంత్రం చెడి, అనుకున్న పని పూర్తికాకుండానే వెనుదిరిగింది. ఆ ఓడే, జాయిడెస్ రిజల్యూషన్, 2024లో చివరి శాస్త్రయాత్ర ముగించి సెలవు తీసుకుంది. డ్రిల్లు దించాలని పటం మీద వేసిన గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి. అలాంటి మరో ఓడ ఆ నీటికి వెళ్లేదాకా, ఆరో గీత మంచు కోసిందా, కుంగిన నేల చేసిందా అన్న ప్రశ్నను ఉన్న రేఖలతోనే మళ్లీ మళ్లీ విచారించాలి.